ఆరో టేబులు అన్నం

ఆరో టేబులు పళ్ళెం మళ్ళీ అన్నంతోనే వెనక్కొచ్చింది.

కుక్కుటేశ్వరరావు చేతిలో అన్నం కలిపే చెక్క హస్తం అలాగే ఆగిపోయింది. ఆ వంటింట్లో పళ్ళేలు తోమే తొట్టీ, బియ్యం కడిగే తొట్టీ పక్కపక్కనే ఉంటాయి. అందుకని బయట ఎవరేం తిన్నారో, ఎవరేం వదిలేశారో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. పొడుగాటి నల్ల పళ్ళెం. దాని మీద బొటనవేలంత అన్నం ముద్దలు పదకొండు, రైలుపెట్టెల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. పైన పరిచిన చేపముక్కలు మాత్రం లేవు. అరటిపండు తిని తొక్క పారేసినట్టు, ఎవరో చేపని తినేసి అన్నాన్ని వదిలేశారు.

వెనకాల మేనేజరు వచ్చి నిలబడ్డాడు. మిస్రీవాడు, అంటే ఈజిప్టువాడు, పొట్టివాడు, కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆ పూట బాగా తగ్గించాడు. ఆ టేబులు దగ్గర కూచునే మామా, అంటే పనివాళ్ళ భాషలో ఇంటి యజమానురాలు, హోటలు యజమాని భార్యకి పినతల్లి కూతురని, ఇదే బిల్డింగులో పద్నాలుగో అంతస్తులో బ్యాంకు ఆఫీసరని, రోజూ రెండింటికి కూతుర్ని బడి నుంచి తీసుకుని పనమ్మాయితో సహా ఇక్కడికే వస్తుందని చెప్పుకొచ్చాడు. ఇవన్నీ కుక్కుటేశ్వరరావుకి తెలిసినవే. తెలియనిది చివర్న చెప్పాడు. గురువారం దాకా చూస్తాడట. అప్పటికీ ఈ పళ్ళెం ఇలాగే తిరిగొస్తే, వచ్చే ఆదివారం నుంచి అన్నం అర్దియాలో ఉన్న పెద్ద వంటశాల నుంచే వచ్చేస్తుందట. అక్కడ మిషను ఉంది, అదే కడుగుతుంది, అదే వండుతుంది. కుక్కుటేశ్వరరావు కూడా అర్దియా పోయి ఉల్లిపాయలు ఒలుచుకోవచ్చు.

ఆవిడనే ఒక్క మాట అడగొచ్చు కదా సార్, అన్నాడు కుక్కుటేశ్వరరావు తనకొచ్చిన అరబ్బీలో.

పెద్దింటి ఆడమనిషిని పట్టుకుని ఎందుకు తినలేదని అడగడం మర్యాద కాదని, పళ్ళెమే చెబుతోంది కదా అని మేనేజరు అన్నాడు. "ఖలాస్" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు సోమవారం. తెల్లారి ఎనిమిదింటికే వచ్చి బియ్యం తొట్టిలో పోశాడు కుక్కుటేశ్వరరావు. గుండ్రంగా, పొట్టిగా, ముత్యాల్లా ఉంటాయి ఆ బియ్యం. మొదట్లో వాటిని చూసి నూకలనుకున్నాడు. మూడేళ్ళ కిందట ఈ అరబ్బు ఊళ్ళో ఈ జపాను హోటలు పెట్టినప్పుడు, ఒక జపాను ముసలాయన ఎనిమిది నెలలుండి పని నేర్పించి వెళ్ళాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇతనికీ రాదు. అంతా చేతులతోనే. మొదటిరోజు కుక్కుటేశ్వరరావు తన ఊరు రాజోలు అలవాటు చొప్పున, అన్నం ఉడుకుతుండగా మూత వారగా పెట్టి గంజి వార్చేశాడు. ముసలాయన పరుగున వచ్చి, తొట్టిలోకి జారిపోతున్న గంజికేసి, చచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. తిట్టలేదు. మళ్ళీ బియ్యం తెచ్చి ముందు పెట్టాడు. కడుగు అని సైగ చేశాడు. నీళ్ళు గాజులా అయ్యేదాకా కడిగించాడు. వార్చకుండా ఇగరబెట్టించాడు. చెక్క తొట్టిలోకి దింపించి, వెనిగరూ పంచదారా ఉప్పూ కలిపిన నీళ్ళు చల్లించి, చెక్క హస్తంతో కలపకుండా, కోసినట్టు కోయించాడు. ఒక పక్క విసనకర్ర విసిరించాడు. చివర్న ఒక ముద్ద తీసి కుక్కుటేశ్వరరావు చెంపకి ఆనించాడు. మనిషి ఒళ్ళెంత వెచ్చగా ఉంటుందో అన్నం అంతే వెచ్చగా ఉండాలి. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి నలభై మూడో ఏట దొరికిన బడి అది. వెళ్ళేటప్పుడు ముసలాయన ఆ చెక్క హస్తం అతనికే ఇచ్చి వెళ్ళాడు.

మన దగ్గర అన్నం అంటుకుంటే పెళ్ళాన్ని తిడతారు. ఇక్కడ అంటుకోకపోతే వంటవాణ్ణి తిడతారు. పైగా చల్లారిన పుల్లటి అన్నం. తరవాణి కుండలో చద్దన్నం తిని పొలానికి పోయేవాళ్ళని చూసి నవ్విన లోకమే, కోట్లేసుకుని వచ్చి, దాని మీద పచ్చిచేప పెట్టుకుని, కళ్ళు మూసుకుని తింటోంది. ఎవడి పిచ్చి వాడికానందం.

ముసలాయన తిరిగి వెళ్ళాక, తినేవాళ్ళ ఎదుట చేప కోసి ముద్దలు కట్టే బల్ల ముందు ఎవరు నిలబడాలన్న ప్రశ్న వచ్చింది. జనానికి జపానువాడు కనబడాలి కదా. కుక్కుటేశ్వరరావుకి చేప కోయడం వచ్చు. కాలవగట్టున పుట్టినవాడికి ఒకరు నేర్పాలా. కానీ మేనేజరు అతని మొహం ఒకసారి, నేపాలు నుంచి వచ్చిన గురుంగ్ మొహం ఒకసారి చూశాడు. అంతే. గురుంగ్ తలకి గుడ్డ కట్టించి బల్ల ముందు నిలబెట్టేశారు. గిన్నెలు తోమడానికి వచ్చినవాడు, చిన్న కళ్ళ చలవ, జపాను వంటవాడయ్యాడు. జీతం పెరిగింది. జనం వచ్చి అతనికి వంగి వంగి దండాలు పెడతారు. అతనూ వంగుతాడు. జపాను మాటలు ముప్ఫై నేర్చాడు, అందులో ఇరవై చేపల పేర్లే. గురుంగ్ మంచివాడే, అతని మీద కుక్కుటేశ్వరరావుకి కోపం లేదు. మొహాలు పంచిపెట్టిన దేవుడి మీద ఉంది.

బల్లకీ వంటింటికీ మధ్య గోడలో చేటంత కిటికీ ఉంది. అన్నం తొట్టి అందించడానికి పెట్టింది. కుక్కుటేశ్వరరావుకి అదే సినిమాహాలు. అన్నం అందించాక కూడా ఒక నిమిషం అక్కడే నిలబడతాడు. బ్యాంకు కుర్రాళ్ళు ప్రతి ముద్దనీ సోయా సాసులో ముంచి మునకలేయించి తింటారు. నిశ్చితార్థం అయిన జంట వస్తే పళ్ళెం పెట్టింది పెట్టినట్టే వస్తుంది, కాగితం రుమాళ్ళు మాత్రం తునకలు తునకలై వస్తాయి. ఒకసారి కాకినాడ ఇంజినీరు ఒకాయన్ని కంపెనీవాళ్ళు తీసుకొచ్చారు. పక్కన పెట్టిన ఆకుపచ్చ జపాను కారం ముద్దని కొత్తిమీర పచ్చడి అనుకుని మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకున్నాడు. ముక్కూ కళ్ళూ ఏకమై కారిపోతుంటే, అడిగినవాళ్ళకల్లా సూపరండీ, సూపరండీ అని చెప్పుకున్నాడు పాపం. సోమవారాలు మాత్రం నిజం జపాను పెద్దమనిషి ఒకాయన వస్తాడు, ఓడల కంపెనీవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గురుంగ్‌తో జపానులో ఏదో అడిగాడు. గురుంగ్ నిలువునా వంగి దండం పెట్టి, వంటింట్లోకి పారిపోయి వచ్చి పావుగంట బయటికి రాలేదు. ఆ పెద్దమనిషికి అర్థమైపోయింది. చిన్నగా నవ్వుకున్నాడు. ఆ తరవాత ఎప్పుడూ గురుంగ్‌తో ఇంగ్లీషే మాట్లాడతాడు. పళ్ళెంలో మెతుకు మిగల్చడు. ఆ పళ్ళెం చూస్తే కుక్కుటేశ్వరరావు కడుపు నిండుతుంది.

ఆ సోమవారం కూడా ఆయన పళ్ళెం ఖాళీగా వచ్చింది. పది నిమిషాలాగి ఆరో టేబులు పళ్ళెం తొమ్మిది ముద్దలతో వచ్చింది.

ఆ పూట వెనిగరు తగ్గించి వండాడు కుక్కుటేశ్వరరావు. లాభం లేకపోయింది. అటూ ఇటూ చూసి, ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. ఎంగిలి పళ్ళెంలోది తింటే ఉద్యోగం ఊడుతుంది, ఆ సంగతి గోడ మీద నాలుగు భాషల్లో రాసి ఉంది, తెలుగులో తప్ప. నమిలాడు. పులుపు సరిపోయింది. మెతుకు మెతుకూ తెలుస్తోంది, అయినా ముద్ద విడిపోవడం లేదు. లోపమేమీ లేదు. లోపం లేకుండా తిరిగొచ్చే అన్నాన్ని ఏం చేసి బాగుచెయ్యాలి?

మంగళవారం నీళ్ళు ఒక గుక్కెడు ఎక్కువ పోశాడు. పంచదార పెంచాడు. రెండున్నరకి పళ్ళెం వచ్చింది. పది ముద్దలు.

"నీకేం రోగమొచ్చిందే తల్లీ, ఎందుకు తినట్లేదే నిన్నూ" అని పళ్ళెంతో పైకే అనేశాడు.

"అన్నా, తెలుగోనివా నువ్వు?"

గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. పనమ్మాయిలు వేసుకునే నీలం గౌను, తలకి గుడ్డ, చేతిలో పిల్లల నీళ్ళసీసా. సీసా కడుక్కోవడానికి తొట్టి ఎక్కడుందని వెతుక్కుంటూ వచ్చింది. పేరు సంజీవమ్మ, రాయచోటి పక్క పల్లె, మిష్రిఫ్‌లో పని, ఈ ఇంట్లో చేరి ఇరవై రోజులు. ఇంత చెప్పడానికి ఆమెకి సీసా కడిగినంత సేపు పట్టింది. ఆరో టేబులు మామా దగ్గరేనని తెలియగానే కుక్కుటేశ్వరరావు మిగతావి వినలేదు.

"చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఒక్క సంగతి చెప్పు. మీ మామా అన్నం ఎందుకు వదిలేస్తుంది? పులుపెక్కువైందా, పలుకుందా, ఏటి లోపం?"

సంజీవమ్మ అతనికేసి వింతగా చూసింది. "లోపమేముంది? మామా అన్నం తినదు. రెండేండ్లాయనంట తిని. లావయితాదంట. ఇంట్లో గూడా కూర ఒకటే తింటాది."

కుక్కుటేశ్వరరావు తొట్టి అంచు మీద కూలబడ్డాడు. రెండు రోజులుగా వెనిగరు కొలిచి, నీళ్ళు కొలిచి, రాత్రుళ్ళు నిద్ర లేకుండా వండింది, అసలు అన్నమే ముట్టని మనిషి కోసం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మాట మేనేజరుకి చెబితే నమ్మడు. నువ్వు మామా పనమ్మాయితో మాట్లాడావా అని, దానికి వేరే శిక్ష వేస్తాడు.

"మరి ఆ వరసగా పేర్చేదెవరు?"

"పాప. వాళ్ళమ్మ తిన్నాక అట్ల రైలు మాదిరి చేసి నాపక్కకి నూకుతాది. సంజీ, తిను తిను అంటాది. నేను ముట్టను."

"ఏం?"

"మామా ముందర ఎట్ల తింటా? నాకు పళ్ళెం పెట్టరు గదా. పాపను చూసుకునేకి తెస్తారు నన్ను." సీసా మూత బిగిస్తూ అంది. "ఇంటికి పొయ్యేపాటికి నాలుగైతాది. అప్పుడు తింటా. అయినా పచ్చిచేప కింద కూడు, నీసు. తినబుద్ధి గాదు."

నీసు అనేసరికి కుక్కుటేశ్వరరావుకి రోషం పొడుచుకొచ్చింది. పళ్ళెంలో పక్కగా ఉన్న ముద్ద ఒకటి తీసి, అడుగుభాగం తుంచి ఆమె చేతిలో పెట్టాడు. చూడు, నీసుందేమో చూడు అన్నాడు. ఆమె మొహమాటపడుతూ నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి.

"బాగుందన్నా. తీపిగా ఉండాది. కారం ఉంటే ఇంకా బాగుండు."

అప్పుడు కుక్కుటేశ్వరరావు ఒక మాటన్నాడు. ఆ మాట తరవాత అతన్ని చాలాసేపు గుచ్చింది. అన్నం పారేస్తే పాపం చెల్లెమ్మా, అన్నాడు. పాప ఇటు తోసినప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకుని తినెయ్. ఎవరూ చూడరు. నా పళ్ళెం ఖాళీగా వస్తుంది, నీ కడుపు నిండుతుంది.

సంజీవమ్మ తలగుడ్డ సర్దుకుంది. సీసా పట్టుకుని వెళ్ళిపోయింది.

బుధవారం అతను ముసలాయన నేర్పినట్టే, ఒక చుక్క అటూ ఇటూ కాకుండా వండాడు. రెండుంబావుకి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మామా చేతిలో తినే పుల్లలు, ఎదర ఫోను. పుల్లలతో చేపముక్క ఎత్తుతుంది, అన్నం మిగులుతుంది. ఏడేళ్ళ పాప ఆ ముద్దల్ని ఒక్కొక్కటే పేర్చి రైలు చేస్తోంది. టేబులు కొసన, గోడ పక్క, కుర్చీ అంచు మీద సంజీవమ్మ. ఒళ్ళో బడి సంచి. ఎదర పళ్ళెం లేదు, గ్లాసు లేదు. చుట్టూ అందరూ తింటుంటే ఆమె పాప మూతికేసి చూస్తూ, ఎప్పుడు సాసు కారితే అప్పుడు తుడవడానికి రుమాలు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఈ మూడేళ్ళలో ఇలాంటివాళ్ళని కిటికీలోంచి వందమందిని చూసి ఉంటాడు. చూశాడు గానీ చూడలేదు. అతను పళ్ళేలు చూసేవాడు. పళ్ళెం లేని మనిషి అతని లెక్కలోకి ఎలా వస్తుంది?

రైలు కదిలింది. సంజీవమ్మ తలగుడ్డ కొస మూతికి అడ్డం వచ్చింది. ఒక పెట్టె మాయమైంది. పాప నోరు మూసుకుని కిసుక్కుమంది. ఇంకో పెట్టె.

పళ్ళెం ఖాళీగా వెనక్కొచ్చింది. మేనేజరు దాన్ని రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూశాడు. కుక్కుటేశ్వరరావు భుజం తట్టాడు, మూడేళ్ళలో మొదటిసారి. చూశావా, నేను చెబితేనే గానీ మీకు పని రాదు అన్నాడు. కుక్కుటేశ్వరరావు తలూపాడు. ఆ తలూపడం అతనికి బాగుంది. సాయంత్రం బస్సులో కూచున్నాక మాత్రం బాగుండలేదు. మెతుకులు దొంగతనంగా మింగేది ఆమె, భుజం తట్టించుకుంది తను.

గురువారం మేనేజరు కొత్త టై కట్టుకొచ్చాడు. రెండున్నరకి, ఆరో టేబులు పళ్ళెంలో రైలు సగం కరిగాక, చేతులు కట్టుకుని మామా దగ్గరికి వెళ్ళాడు. కుక్కుటేశ్వరరావు కిటికీ దగ్గర హస్తంతో అన్నం కోస్తున్నాడు. మేనేజరు గొంతు తేనెలా వినబడింది. మామా కోసం ప్రత్యేకంగా అన్నం మార్పించామని, ఇప్పుడు నచ్చుతోందనుకుంటున్నానని అన్నాడు. తినలేదేమని అడగడం మర్యాద కాదు గానీ, తిన్నందుకు మెచ్చుకోవడం మర్యాదే మరి.

మామా ఫోనులోంచి తలెత్తింది. నేను అన్నం తినను, అంది. రెండేళ్ళయింది.

మేనేజరు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. అతని కళ్ళు పళ్ళెం మీదికి వెళ్ళాయి. మామా కళ్ళూ అక్కడికే వెళ్ళాయి. ఆరు ముద్దలున్నాయి. పది ఉండాలి. తరవాత ఇద్దరి కళ్ళూ కలిసి టేబులు కొసకి వెళ్ళాయి.

సంజీవమ్మ బుగ్గ ఉబ్బి ఉంది. నమలలేదు, మింగలేదు. గుడ్డ కొస పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది.

నేనే ఇచ్చాను, అంది పాప.

మామా అరవలేదు. అరిస్తే బాగుండేది. పుల్లలు సర్ది పక్కన పెట్టింది. ఇంట్లో నీకు తిండి పెట్టడం లేదా అని మెల్లగా అడిగింది. నలుగురిలో, ఎంగిలి పళ్ళెంలోంచి, దొంగలాగా. చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు తింటున్నట్టు నటిస్తూ వింటున్నారు. రేపటి నుంచి నువ్వు లోపలికి రాకు, అంది మామా. కారులో కూచో.

మే నెల. బయట నలభై ఆరు డిగ్రీలు. కార్లు నిలిపేది ఎండలో. మామా తనే నడుపుకుంటుంది, తాళం తీసుకునే దిగుతుంది, ఏసీ ఉండదు. ఆ కారులో గంటసేపు.

సంజీవమ్మ అప్పుడు మింగింది. మింగుతూ కిటికీకేసి చూసింది. నిష్టూరంగా కూడా చూడలేదు. ఇట్లయితాదని నాకు తెల్సులేన్నా, అన్నట్టుంది ఆ చూపు.

కుక్కుటేశ్వరరావు చేతులు తడుపుకున్నాడు. తొట్టిలోంచి రెండు ముద్దలు తీశాడు. అన్నం ముద్ద కట్టడం అతని పని కాదు, అది గురుంగ్ పని. గురుంగ్ కట్టేవి బొటనవేలంత ఉంటాయి. ఇతని చేతికి అంత చిన్నవి రావు. పిడికిట్లో పట్టినంత వచ్చాయి, ఊళ్ళో కూలికొచ్చిన ఆడవాళ్ళకి తన తల్లి గుమ్మం దగ్గర చేతిలో పెట్టేంత. నీలం సాసరు ఒకటి తీసి అందులో పెట్టాడు. తడి ఆప్రానుతో, వంటింటి తలుపు తోసుకుని, ఎన్నడూ అడుగు పెట్టని హాల్లోకి వచ్చాడు.

మేనేజరు గొంతు బాగా తగ్గించి ఏదో అన్నాడు. కుక్కుటేశ్వరరావు ఆగలేదు. ఆరో టేబులు దగ్గర ఆగి, గురుంగ్ వంగినట్టే నడుము దాకా వంగాడు. సాసరు తీసుకెళ్ళి సంజీవమ్మ ముందు పెట్టాడు.

"మామా, ఇది జపాను ఆచారం" అన్నాడు వంటింటి అరబ్బీలో. ఉన్న మాటలన్నీ వెతికి తెచ్చుకున్నాడు. "అన్నం వండినవాడు, తినకుండా కూచున్నవాళ్ళు గదిలో ఎవరున్నారో చూడాలి. వాళ్ళకి తన చేత్తో పెట్టాలి. పెట్టకపోతే అన్నానికి కోపమొస్తుంది. మర్నాడు ఉడకదు. ఇన్నాళ్ళూ నేను చెయ్యలేదు. తప్పు నాది. పాప చిన్నపిల్ల, తనకెలా తెలిసిందో గానీ, నేను చెయ్యాల్సింది తను చేసింది."

మామా అతని మొహం చూసింది. అందులో జపాను ఎక్కడా లేదు. ఆవిడ బల్లకేసి తిరిగింది. మేనేజరూ, బ్యాంకు కుర్రాళ్ళూ, అందరూ బల్లకేసి తిరిగారు.

గురుంగ్ చేతిలో కత్తి ఉంది. దాన్ని కింద పెట్టాడు. తలకి కట్టిన గుడ్డ సరిచేసుకున్నాడు. జీతం, మొహం, మూడేళ్ళ అబద్ధం, అన్నీ అతని కళ్ళలో ఒక్కసారి తిరిగినట్టు కనబడ్డాయి. రెండు చేతులూ తొడలకి ఆనించి, నిజం జపానువాడి ముందు కూడా ఎప్పుడూ వంగనంత కిందికి వంగాడు. ముప్ఫై మాటల్లో ఒక మాట, ఔను అని, గట్టిగా అన్నాడు.

మామా మొహంలో ముడి విడింది. ఆవిడకి కావలసింది కూడా, నలుగురిలో పోయిన పరువు తిరిగి రావడానికి ఏదో ఒక దారే. అలాగా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే, అంది. కుర్చీ కొంచెం జరిపింది. కూతురి తల నిమిరింది. "తిను" అంది సంజీవమ్మతో. ఫోను ఎత్తి సాసరుకి ఫొటో తీసుకుంది.

సంజీవమ్మ వెంటనే ముట్టలేదు. కుర్చీ అంచు మీంచి వెనక్కి జరిగి సరిగ్గా కూచుంది. ఒళ్ళో బడి సంచి తీసి కింద పెట్టింది. తరవాత, పుల్లలతో కాదు, చేత్తో, ముద్ద విరిచింది. గుడ్డ అడ్డం పెట్టుకోలేదు.

పక్క టేబుల్లో పాదాల దాకా తెల్ల దిష్‌డాషా వేసుకున్న పెద్దాయన గురుంగ్‌ని పిలిచాడు. మా డ్రైవరు బయట నిలబడి ఉన్నాడు, అతనికి ఇవ్వరా మరి ఆ ఆచారం, అని అడిగాడు.

వంటింట్లోకి వచ్చాక మేనేజరు తలుపు మూశాడు. యాబానీ, జపానువాడు, అన్నాడు మెల్లగా. నువ్వు. యాబానీ. ఇంకేదో అనబోయాడు, ఫోను మోగింది. యజమాని. మామా పంపిన ఫొటో చూశాడట. మేనేజరు నిలబడి విన్నాడు. నామ్, నామ్ అని తలూపాడు. పాతకాలం నాటి ఆచారమండీ అన్నాడు. అవునండీ, అన్ని టేబుళ్ళకీ అన్నాడు. ఫోను పెట్టేసి టై ముడి వదులు చేసుకున్నాడు. అర్దియా మాట ఎత్తలేదు. ఆదివారం వడ్రంగిని పిలిపించి, చేటంత కిటికీకి చెక్క కొట్టించాడు. ఇకనుంచి అన్నం తొట్టి తలుపు దాకా తెచ్చిపెడితే చాలునట. ఆ తలుపు దాటితే మాత్రం ఇంటికేనట.

అలా సినిమాహాలు మూతపడింది. ఇప్పుడు బయట ఎవరొచ్చారో, ఎవరు మునకలేయిస్తున్నారో, ఎవరు ఆకుపచ్చ ముద్ద మింగి ఏడుస్తున్నారో అతనికి కనబడదు. పళ్ళేలే చెప్పాలి. పళ్ళేలతో పాటు ఇప్పుడు నీలం సాసర్లు కూడా వస్తున్నాయి, రోజుకి ఇరవై, పాతిక. డ్రైవర్లవి, ఆయాలవి, వ్యాపారం మాట్లాడే సేట్ల వెనక సంచి పట్టుకుని నిలబడేవాళ్ళవి. మెనూ కార్డులో మొదటి పేజీలోనే అచ్చు వేయించారు, వందల ఏళ్ళనాటి జపాను సంప్రదాయమని, పక్కన పువ్వుల కొమ్మ బొమ్మతో. కుక్కుటేశ్వరరావు దాన్ని చదవలేడు. గురుంగ్ చదివి చెప్పాడు.

రెండో సోమవారం గురుంగ్ తలుపు తోసుకుని వచ్చి గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. ఓడల కంపెనీ పెద్దమనిషి మెనూ కార్డు చదివాడట. రెండుసార్లు చదివాడట. అరవై ఏళ్ళొచ్చాయి, ఈ ఆచారం నేనెప్పుడూ వినలేదే, ఇది మా దేశంలో ఏ ప్రాంతానిది అని అడిగాడట, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. గురుంగ్‌కి ఏ ఊరి పేరూ గుర్తు రాలేదట.

"ఏం చెప్పావు మరి?"

"నీ ఊరే చెప్పాను భయ్యా. రాజోలు అన్నాను. సముద్రం దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట అన్నాను. నువ్వు చెబుతుంటావుగా."

ఆ పెద్దమనిషి గురుంగ్ మొహం కాసేపు చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ పేరు రాసుకున్నాడట. మంచి ఊరు, అన్నాడట. తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి సాసరులో పెట్టి, తన వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ ఓడ కుర్రాడికి ఇమ్మన్నాడట.

కుక్కుటేశ్వరరావు నవ్వలేదు. హస్తం కడిగి తడిగుడ్డ మీద పెట్టాడు. జపానులో రాజోలు. ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందిలే, అనుకున్నాడు.

రెండున్నరకి ఆరో టేబులువి వచ్చాయి. నల్ల పళ్ళెంలో రైలు లేదు ఈమధ్య. ముద్దలు తోయాల్సిన పని లేకపోవడంతో పాప ఆట మానేసింది, అన్నం గుట్టగా వస్తోంది. అది తిరిగొచ్చిందని ఇప్పుడెవరూ అడగరు. దాని వెనకే నీలం సాసరు వచ్చింది. ఖాళీగా ఉంది గానీ తెల్లగా లేదు. అంచున, వేలితో వత్తి అద్దుకున్నచోట, ఎర్రగా ఒక మరక. పక్కన మడతలు పడ్డ చిన్న కాగితం పొట్లం.

అటూ ఇటూ చూశాడు. గోడ మీద నాలుగు భాషల్లో రాసి ఉన్నదాన్ని కూడా చూశాడు. చూపుడువేలు ఆ మరకకి అద్ది నాలిక్కి రాసుకున్నాడు.

వెల్లుల్లి, ఎండుమిరప, రాతి ఉప్పు. రాయచోటి కారం. నషాళానికి అంటింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కాకినాడ ఇంజినీరులాగే పైకి సూపరని చెప్పుకుంటూ, మూసేసిన కిటికీ చెక్క మీద రెండుసార్లు వేలితో కొట్టాడు. అవతల ఎవరికీ వినబడి ఉండదు.

తరవాత సాసరు కడిగి, బోర్లించి, రేపటి బియ్యం కొలిచి పెట్టుకున్నాడు.